మిషను బడులు: పగటి బడియు, బోర్డింగు బడియు



జహీరాబాదు పరిసరములందలి పల్లెలలో "బోర్డింగు" అను మాటకు అర్థము చెప్పనక్కర లేదు. అక్షరములు రాని ముదుసలి సైతము "మా మనుమడు బోర్డింగులో నున్నాడు" అని చెప్పుకొనును. ఆంగ్లేయుల మాట మన జొన్నచేల గట్లమీదికి ఎట్లు వచ్చినది? దానిని తెచ్చినవారు ప్రొటెస్టెంటు మిషనువారు. బీదరు, వికారాబాదు, జహీరాబాదు ప్రాంతములందు అమెరికా దేశపు మెథడిస్టు మిషనువారును, మెదకు వైపున ఇంగ్లండు దేశపు వెస్లియను మిషనువారును పనిచేసిరి. వారి బడులకు వచ్చు పిల్లలు రెండు తెగలు. ఉదయమున వచ్చి సాయంకాలమునకు ఇల్లు చేరువారు కొందరు. అచ్చటనే తిని, అచ్చటనే పరుండి, సెలవులకు మాత్రమే ఊరు చూచువారు కొందరు. మొదటివారిది పగటి బడి. రెండవవారిది బోర్డింగు బడి.

ఈ రెండును ఒకే ప్రహరిలో నుండుట నేడు మనకు వింతగా తోచదు. కాని మొదట ఇవి రెండు వేర్వేరు త్రోవలు. "బడిలో ఎవరు కూర్చుండవలెను?" అను ఒక్క ప్రశ్నకు ఇద్దరు చెప్పిన రెండు సమాధానములు. ఆ ప్రశ్న తెలుగునాట మొదట గట్టిగా పుట్టినది మన ప్రాంతమున కాదు. సముద్రతీరమున, ముందు మచిలీపట్టణమునందు, పిదప ఒంగోలునందు. మన బడులు వాటికి తమ్ముళ్ళవంటివి. అన్నల సంగతి తెలిసినగాని తమ్ముళ్ళ నడవడి బోధపడదు. కావున నేడు మిమ్ము ఆ రెండు పట్టణములకు తీసికొనిపోయి, తిరిగి మన యూరికి చేర్చెదను.

మిషనువారు రాకపూర్వము మనకు చదువు లేదనుకొనుట పొరపాటు. వీథిబడులు ఉండెను. అరుగుమీద పంతులు కూర్చుండెను, ఇసుకలో పిల్లలు అక్షరములు దిద్దిరి, పద్యములు వల్లించిరి, ఎక్కములు అప్పగించిరి. చెన్నపట్టణపు గవర్నరుగా నున్న మన్రో దొర 1822వ సంవత్సరమున జిల్లాలలోని బడుల లెక్క తీయించెను. బళ్ళారి జిల్లా కలెక్టరు కాంబెల్ దొర 1823లో పంపిన నివేదికలో తన జిల్లాయందు 533 బడులును, 6,641 మంది పిల్లలును కలరని వ్రాసెను. నేటి అనంతపురము కూడ నాడు ఆ జిల్లాలోనిదే. అచ్చటి జనసంఖ్య తొమ్మిది లక్షలకు పైమాట. ఆ పిల్లలలో బాలికలు కేవలము 60 మంది. అనగా బడులుండెను గాని, అవి బ్రాహ్మణులకు, కోమట్లకు, కొందరు కాపులకు అందినవి. ఊరికి వెలుపల గుడిసెలలో నున్నవారికి ఆ అరుగు అందలేదు. అరుగు ఎక్కుటయే నిషిద్ధమైనప్పుడు అక్షరముల మాట ఎక్కడిది?

ఇక మచిలీపట్టణమునకు పోవుదము. 1841వ సంవత్సరమున చర్చి మిషనరీ సంఘము వారు తెలుగుదేశమునకు ఇద్దరిని పంపిరి. ఒకడు హెన్రీ వాట్సన్ ఫాక్సు. రెండవవాడు రాబర్టు టర్లింగ్టన్ నోబిలు. ఇద్దరు ఒకే ఓడలో వచ్చిరి; ఒకే ఊరిలో దిగిరి. కాని ఇద్దరి తీరు వేరు. ఫాక్సు ఊరూర తిరిగి, సంతలలో నిలిచి, కనబడిన వారితో నెల్ల మాటలాడెను. నోబిలు ఒకచోట కూర్చుండి పిల్లలకు చదువు చెప్పదలచెను. తెలుగు నేర్చుటకై రెండేండ్లు శ్రమపడి, 1843వ సంవత్సరము నవంబరు 21వ తేదీన బడి తెరచెను. ఆనాడు వచ్చిన పిల్లలు ఇద్దరే. ఫాక్సు ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోయి 1848లో మరణించెను. నోబిలు మాత్రము ఇరువదినాలుగేండ్లు ఇచ్చటనే యుండి, ఒక్కమారైనను ఇంగ్లండు చూడక, 1865 అక్టోబరు 17వ తేదీన మచిలీపట్టణముననే కన్నుమూసెను.

ఆ బడికి నోబిలు పెట్టిన కట్టుబాట్లు రెండు. బైబిలు పాఠము అందరును వినవలెను, ఇది మొదటిది. బ్రాహ్మణ వైశ్య వెలమాది కులములవారి పిల్లలును, తురకల పిల్లలును చేరవచ్చును గాని, మాలమాదిగల పిల్లలను చేర్చుకొనకూడదు, ఇది రెండవది. క్రైస్తవ గురువు ఇట్లు చేయుట మీకు వింతగా తోచవచ్చును. ఆయన తలంపు ఏమన: పై కులములవారు చదివి మారినయెడల వారివలన తక్కిన వారికి అది దిగును, క్రింది వారిని మొదటనే చేర్చుకొన్నచో పై వారు ఒక్కరును గుమ్మము తొక్కరు.

మన తెలంగాణపు పెద్దలకు ఈ లెక్క సులభముగా బోధపడును. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పారిన క్రింది చెరువునకు నీరు చేరును. నోబిలు చదువును అట్లే పారించదలచెను. కాని నీరు తనంత తాను పల్లమునకు దిగును. చదువు అట్లు దిగదు. పై చెరువునకు తూము కలదు. ఆ తూము తాళము పై వాని చేతనే యున్నది. నోబిలు మంచివాడనుటకు సందేహము లేదు. ఒంటరిగా జీవించి, తన యావచ్ఛక్తిని శిష్యులకు ధారపోసెను. ఐనను ఆ గుమ్మమువద్ద ఆయన ఊరి కట్టుబాటునే తన కట్టుబాటుగా చేసికొనెను.

ఆ ఏర్పాటు ఎంత పెళుసైనదో 1852వ సంవత్సరమున తేటపడినది. ఆ యేట నోబిలు శిష్యులిద్దరు, మంచాల రత్నము అను బ్రాహ్మణ యువకుడును, ఐనాల భూషణము అను వెలమ యువకుడును, బాప్తిస్మము పొందిరి. ఊరెల్ల అట్టుడికినది. జనము నోబిలు ఇంటిమీదికి వచ్చిరి. తలిదండ్రులు వచ్చి విలపించిరి. తెల్లవారునప్పటికి బడి శూన్యము. తొమ్మిదేండ్లు కష్టపడి కూర్చిన పిల్లలు ఒక్కపెట్టున వెడలిపోయిరి. కులము నిలుపుకొనుటకై మాలమాదిగలను వెలుపల నుంచిన బడి, తన పాఠము ఇద్దరికి హృదయమున నాటినంతనే నిలువలేకపోయినది.

ఈ సంఘటనలో తలిదండ్రుల దుఃఖమును మనము తేలికగా చూడరాదు. ఆనాడు బాప్తిస్మము పొందినవాడు ఇంటివారికి చచ్చినవానితో సమానము. 1850వ సంవత్సరపు 21వ చట్టమువలన మతము మారినవానికి ఆస్తిహక్కు పోకుండ దొరతనమువారు కాపాడిరి గాని, తల్లి వడ్డించు విస్తరిని ఏ చట్టము కాపాడగలదు? ఆ యువకులు వారి ఇండ్లకు పోలేక నోబిలు ఇంటనే తలదాచుకొనిరి. ఇచ్చట ఒక సంగతి గమనింపుడు. పగటి బడిగా మొదలైన ఆ విద్యాలయమునకు ఆ దినమున బస అవసరమైనది. ఇల్లు మూసికొనిన బిడ్డకు బడియే ఇల్లు కావలసివచ్చినది.

క్రమముగా పిల్లలు మరల వచ్చిరి. ఇంగ్లీషు చదువునకు సర్కారు కొలువులలో విలువ యుండుటచేత తలిదండ్రుల కోపము నెమ్మదిగా చల్లారెను. 1857లో చెన్నపట్టణమున విశ్వవిద్యాలయము ఏర్పడిన పిమ్మట ఆ చదువునకు గిరాకి ఇంకను పెరిగెను. జాని అలీ అను ముసల్మాను విద్యార్థి ఈ బడినుండియే క్రైస్తవుడై, కేంబ్రిడ్జికి పోయి చదివి, తానును మిషనరీ యయ్యెను. రత్నము, భూషణము గురువులుగా అభిషేకము పొందిరి.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణముపై ఉప్పెన వచ్చినది. సముద్రము ఊరిమీదికి పొంగి, పట్టణమునందును పరిసరములందును సుమారు 30,000 మంది ప్రాణములు గొనెను. ఆ ఊరిలోనే షార్కీ దొరసాని నడుపుచుండిన బాలికల బోర్డింగు బడి యొకటి యుండెను. నోబిలు బడికి పై కులముల బాలురు పగటిపూట వచ్చి పోవుచుండగా, ఈ బడిలో బాలికలు రాత్రింబవళ్ళు వసించి చదివిరి. ఉప్పెన వచ్చినది రాత్రి గదా! పగటి బడి బాలురు వారి వారి ఇండ్లలో నుండిరి. బోర్డింగు బాలికలు బడిలోనే నిదురించుచుండిరి. వారిలో పలువురు నీటిపాలైరి. చరిత్ర పుస్తకములలో నోబిలు పేరు పెద్దయక్షరములలో నుండును. ఆ బాలికల పేర్లు మనకు దక్కలేదు. చదువుకొనుటకై ఇల్లు విడిచి ప్రాణములు కోల్పోయిన ఆ బిడ్డలను ఒక్క క్షణము తలచికొని ముందుకు పోవుదము.

ఇక ఒంగోలు. ఇచ్చట పనిచేసినవారు అమెరికా బాప్టిస్టు మిషనువారు. వారు 1840 మొదలు నెల్లూరున నుండియు చాలకాలము ఫలము కానక, ఈ మిషనును ఎత్తివేయుదమా యని వారి దేశమున ఒకటికి రెండుమారులు చర్చించుకొనిరి. 1866 సెప్టెంబరులో జాన్ క్లౌ అను ముప్పదియేండ్ల యువకుడు ఒంగోలు చేరెను. ఆయన పూర్వము భూమి కొలతపని చేసినవాడు. ఆ విద్య తరువాత ఎట్లు అక్కరకు వచ్చినదో చెప్పెదను.

క్లౌ దొర రాకముందే ఆ సీమలో ఒక మనుష్యుడు గురువును వెదకుచుండెను. తాళ్ళకొండపాడు గ్రామమువాడు, యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారము చేయువాడు. యోగమార్గమున గురువులను సేవించి తత్త్వము నెరిగినవాడు. పలువురికి తానే గురువైనవాడు. వ్యాపారముపై ఏలూరు పోయినప్పుడు అచ్చటి మిషనరీవలన క్రీస్తుమాట వినెను. 1866లో బాప్తిస్మము పొంది, తన బంధువులకు చెప్పసాగెను. 1867 జనవరిలో క్లౌ దొర తాళ్ళకొండపాడునకు పోయి 28 మందికి బాప్తిస్మమిచ్చెను. అందరును మాదిగలు.

ఇదే సమయమున ఒంగోలు పట్టణమున క్లౌ దొర పెట్టిన బడికి బ్రాహ్మణుల పిల్లలు వచ్చుచుండిరి. పెద్దలు ఆదరముగానే యుండిరి. మాదిగలు చేరిన వార్త తెలియగనే వారు వచ్చి, "వారిని చేర్చుకొన్నచో మా పిల్లలు రారు, మీ పనికి మా సాయమును ఉండదు" అని తేల్చి చెప్పిరి. ఇరువదియేండ్ల క్రిందట మచిలీపట్టణమున నోబిలు ముందు నిలిచిన ప్రశ్నయే ఇది.  క్లౌ దొరకు ఊరు క్రొత్త, పని క్రొత్త. ఆయన తరువాత వ్రాసికొనిన దానినిబట్టి, ఆ రాత్రి బైబిలు తెరువగా పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలోని ఒక భాగము కంటబడెను. లోకము హీనులని యెంచిన వారినే దేవుడు ఏర్పరచుకొనెనని దాని భావము. వేరొక గదిలో నున్న భార్యయు, ఆయన సంగతి యెరుగక, అదే భాగమును తెరచి చదువుచుండెనట. దీనిని మీరు దైవసంకల్పమనుడు, కాకతాళీయమనుడు. ఫలము మాత్రము ఒక్కటే. క్లౌ దొర మాదిగలను విడువలేదు. బ్రాహ్మణ బాలురు బడి విడిచిపోయిరి.

నోబిలు బడి మారినవారివలన ఖాళీ అయినది. క్లౌ బడి చేర్చుకొన్నవారివలన ఖాళీ అయినది. ఖాళీ అగుట రెంటికి సమానమే. కాని ఒకచోట గుమ్మము మూసియున్నది, వేరొకచోట తెరచియున్నది.

గుమ్మము తెరచినంత మాత్రమున పిల్లలు వత్తురా? పెద్దలారా, ఇది మీరెరిగిన విషయము. మాదిగవాని బిడ్డ ఆరేండ్లు నిండక మునుపే గొడ్ల వెంట పోవలెను. పదేండ్లకు అప్పుక్రింద జీతమునకు కుదురును. వాడు తెచ్చు తవ్వెడు గింజలు ఆ యింటికి ఒక పూట కూడు. బడి అయిదు కోసుల దూరమున నున్నది. ఊరిలోని బడి దగ్గరనే యున్నను వానికి లేనట్లే. పొద్దున బడికి రమ్మనిన వాడు ఎట్లు వచ్చును? ఏమి తిని వచ్చును? ఏ దీపమువద్ద చదువును? కావున వానికి పలక ఇచ్చుటకంటె ముందు పళ్ళెము ఇయ్యవలసివచ్చినది. ఈ అక్కరనుండి పుట్టినదే బోర్డింగు. క్లౌ దొరయు దొరసానియు ఒంగోలున మాదిగ క్రైస్తవుల పిల్లలకు బసతో కూడిన చదువు ఏర్పరచిరి. అచ్చట నాలుగక్షరములు నేర్చినవారు తిరిగి పల్లెలకు పోయి పంతుళ్ళైరి. మిషను పంతులు పగలు పిల్లలకు చదువు చెప్పును. రాత్రి పెద్దలకు ప్రార్థన నడుపును. ఊరివారికి అర్జీలు వ్రాసి పెట్టును. అర్జీ వ్రాయగలవాడొకడు మాదిగవాడలో నుండుట ఎంత మార్పో, కరణము చావడివద్ద చేతులు కట్టుకొని నిలిచినవారికే తెలియును.

ఈ మార్పు పోరు లేకుండ రాలేదు. క్లౌ దొర తనవారికి మూడు నియమములు చెప్పెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. ఈ మూడును ఊరి వ్యవస్థకు తగిలినవే. పని ఆగెను, చచ్చిన గొడ్డు ఎత్తువారు, జాతరకు డప్పు కొట్టువారు కరవైరి. పెద్దలు కోపించిరి, పలుచోట్ల బావులు, దారులు, కూలి బందుచేసిరి. ఊరి పెద్దల వైపునుండి చూచిన, తరతరముల కట్టుబాటు తెగుచున్నది. వాడవారి వైపునుండి చూచిన, తరతరముల కట్టు విప్పుకొనుచున్నది. ఒకే త్రాడు, రెండు కొనలవద్ద రెండు మాటలు.

1876 మొదలు 1878 వరకు చెన్నపట్టణపు రాజధానిలో ఘోరమైన క్షామము. ప్రభుత్వమువారు బకింగుహాము కాలువను త్రవ్వించుచుండగా, క్లౌ దొర మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసికొనెను. భూమి కొలత నేర్చిన విద్య అప్పుడు అక్కరకు వచ్చినది. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించి వేలకొలది కూలీలకు పని చూపెను, కులము అడుగలేదు. కాని ఆ కాలమున ఒక్కరికిని బాప్తిస్మమీయలేదు. అన్నమునకై మతము మారిరను మాట పడకూడదని ఆయన తలంపు. క్షామము తగ్గిన పిదపనే తిరిగి ఆరంభించెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇంతమంది వచ్చిన పిమ్మట వారి పిల్లలకు చదువెట్లు? 1880లో ఒంగోలున మిషను హైస్కూలు వెలసినది. పదమూడేండ్ల క్రిందట బడి ఖాళీ అయిన ఊరు అది.

ఇప్పుడు తీరము విడిచి మన వైపునకు వత్తము. నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. తెలుగువాని బిడ్డ ఉన్నత విద్య తన భాషలో నేర్చు వీలు లేదు. 1879లో వెస్లియను మిషనువారు సికిందరాబాదున పని ప్రారంభించిరి. ఆ సంఘమువాడైన చార్లెసు వాకరు పోస్నెట్టు మెదకున నిలిచి, 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన పెద్ద చర్చిని కట్టించెను. ఆ చర్చిని చూడ పోవువారు చాలమంది. కాని దాని నీడనే వెలసిన బడులను, బోర్డింగులను చూచి వచ్చువారు కొద్దిమంది. మెథడిస్టు మిషనువారు హైదరాబాదున 1895లో స్టాన్లీ బాలికల పాఠశాలను స్థాపించిరి. మానుకోట వైపున డోర్నకలునందు, 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషప్పుగా అభిషిక్తుడైన అజరయ్యగారు, పల్లె పిల్లలకు చదువుతోపాటు చేతిపనులును నేర్పించు బడిని పోషించిరి. జహీరాబాదు 1956 వరకు బీదరు జిల్లాలోనిది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ కలిసిన ఈ సరిహద్దునకు బోర్డింగు అను మాట వచ్చినది ఈ త్రోవననే. ఒంగోలున వలెనే ఇచ్చటను వాడ పిల్లలే ముందు వచ్చిరి. పగటి పిల్లలు పిదప కలిసిరి.

బోర్డింగులో బ్రతుకు సుఖముగా నుండెనని చెప్పుట నా ఉద్దేశము కాదు. గంటకు లేవవలెను, గంటకు పండుకొనవలెను. చాపయు పళ్ళెమును స్వంతము. నీరు తోడుట, ఊడ్చుట, తోటపని పిల్లలవే. జొన్నయన్నము, పప్పునీళ్ళు. రాత్రివేళ తల్లిని తలచి ఏడ్చినవారు, గోడ దూకి ఇంటిదారి పట్టినవారు ప్రతి బోర్డింగునందు నుందురు. ఇంకను పెద్ద ఆక్షేపణ యొకటి కలదు: అన్నమును మతమును ఒకే చేతితో పెట్టుట న్యాయమా? గాంధి మహాత్ముడు 1930ల నాట ఈ ప్రశ్ననే గట్టిగా అడిగెను. అజరయ్యగారికిని ఆయనకును ఈ విషయమున అభిప్రాయభేదము కలిగినది. క్రైస్తవులైన పిదపను మాలమాదిగ భేదము చర్చిలో చావలేదనుటయు నిజమే. ఈ ఆక్షేపణలు త్రోసివేయదగినవి కావు.

కాని ఆక్షేపించినవారు ఏమి చేసిరో చూడుడు. మంచివారు ఆక్షేపించి ఊరకుండక, తామును బడి పెట్టిరి. నోబిలు పేరిట వెలసిన కళాశాలలో చదివిన పట్టాభి సీతారామయ్యగారు, కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు కలసి 1910లో అదే మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. భాగ్యరెడ్డివర్మగారు 1910 మొదలు హైదరాబాదున అంటరానివారనబడిన పిల్లలకై తెలుగు బడులు తెరచిరి. తరువాత కొత్వాలైన రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారు 1918లో రెడ్డి హాస్టలు స్థాపించిరి. స్వరాజ్యము వచ్చిన పిదప 1950వ సంవత్సరపు రాజ్యాంగము తన 17వ అధికరణముచే అంటరానితనమును నిషేధించినది. సాంఘిక సంక్షేమ వసతిగృహములు తాలూకా కేంద్రములకు వచ్చినవి. 1971లో పి. వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నుండగా నల్లగొండ జిల్లా సర్వేలునందు ప్రభుత్వ గురుకుల పాఠశాల ప్రారంభమైనది. వీటన్నిటి మూలసూత్రము ఒక్కటే: పేద బిడ్డకు చదువు చెప్పదలచిన, ముందు వానికి అన్నము, బస, దీపము ఇయ్యవలెను. ఇంతకుముందు దానిని మతముతో ముడిపెట్టి మిషనువారు చేసిరి. పిదప ముడి విప్పి ప్రభుత్వమువారు చేసిరి. చేసినది ఆ పనియే.

ముగించుటకు ముందు నా స్వంత విషయ మొకటి మనవి చేసికొందును. నేను మా పల్లెలోని బడిలో రెండవ తరగతి చదువునాడు, నా యీడు బాలుడొకడు గుమ్మమునకు వెలుపల వసారాలో కూర్చుండి వ్రాయుచుండెడివాడు. వాడు పలక పైకెత్తి చూపును. పంతులుగారు దూరమునుండియే చూచి, "మూడవది తప్పు" అని చెప్పుదురు. మేము లోపల ఉక్కపోతతో కూర్చుండగా వానికి చల్లగాలి తగులుచున్నదని నేను అసూయపడితిని. వాడు గాలికి కూర్చుండలేదని నాకు తెలియుటకు చాల యేండ్లు పట్టినది. చెప్పినవారు ఎవరును లేరు. నేను అడుగనును లేదు.

ఆ మరుసటి యేడు వానిని ఒక బోర్డింగు బడికి పంపిరి. వేసవి సెలవులకు వచ్చినప్పుడు మా చెరువుగట్టుమీద కనబడెను. "అచ్చట ఎట్లున్నది?" అని అడిగితిని. "తిండి బాగుండదు," అనెను. కొంతసేపు ఊరకుండి, "పంతులు నా పలక చేతితో పట్టుకొని దిద్దును," అనెను. బోర్డింగు బడుల గూర్చి నేను తరువాత చదివిన పుస్తకములు ఎన్నియో కలవు. వాని మాటకంటె ఎక్కువ చెప్పినది వాటిలో లేదు.

వాడు చదివి ఉపాధ్యాయుడై, పదవి విరమించి, ఇటీవలనే గతించెను. నోబిలు మూసినదియు, క్లౌ తెరచినదియు ఒకే గుమ్మము. మా పల్లె బడియందును ఆ గుమ్మము ఉండెను. దాని లోపలి వైపున నేను కూర్చుంటిని. ఇది దొరల చరిత్ర మాత్రమే కాదు, మన చరిత్ర.

పెద్దలారా! నేడు బడులలో గుమ్మమువద్ద ఎవరిని ఆపకూడదని చట్టము కలదు. ఐనను మీ యూరి బడికి ఒక్క ఉదయము పోయి చూడుడు. ఎవరు ముందు వరుసలో నున్నారు, ఎవరు వెనుక నున్నారు, మధ్యాహ్నభోజనమున ఎవరి ప్రక్క ఎవరు కూర్చుండుచున్నారు, పంట కోతలకు ఎవరి బిడ్డ బడి మానుచున్నాడు, ఇవి కనిపెట్టుడు. మాట చెల్లు పెద్దలు మీరు. వసారాలో కూర్చున్న బిడ్డను చూచి, గాలికి కూర్చుండెనని నావలె అనుకొనకుడు.